ఏ వేలు, బాబాయ్?

నా చిన్నప్పుడు, పదకొండో ఏట, ఒక మనిషి నడుము మీద కాలు పెట్టి మూడుసార్లు తొక్కాను. తొక్కకూడదని తెలిసే తొక్కాను. ఆ మనిషి మా పక్కింటి బాబాయి. ఇన్నేళ్ళలో ఈ సంగతి చాలామందికి చెప్పాను. ఒక్కరి దగ్గర తప్ప, చెప్పిన ప్రతిసారీ 'తెలిసే' అన్న ఒక్క మాట మింగేశాను. ఇప్పుడు రాయడానికి కూర్చున్నది ఆ మాట కోసమే.

మాది కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డుకు లోపలగా, అడవిని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావలసిన చోట నావి కాళ్ళు ముందొచ్చాయి. అలా పుట్టినవాడు ఎడమ మడమతో తొక్కితే పట్టేసిన నడుము విడుస్తుందని మా వైపు నమ్మకం. ఇప్పుడు అలాంటి పిల్లల్ని ఆపరేషన్ చేసి తీస్తున్నారు కాబట్టి కాళ్ళకు ఆ పేరు రావడం లేదు. అప్పట్లో మాత్రం మా చుట్టుపక్కల మూడు ఊళ్ళకు నేనొక్కణ్ణే.

ఆటల్లో నేను వెనక. లెక్కల్లో ఇంకా వెనక. కానీ వేసవిలో, బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం వచ్చిందంటే నా అంత మొనగాడు లేడు. ఆకు కోయడానికి వంగి, మూటలు మోసి, కట్టలు కట్టడానికి గంటలకొద్దీ కూర్చుని, రోజూ ఎవరో ఒకరికి నడుము కలుక్కుమనేది. నాకు కబురొచ్చేది. నేను పోయి, కాలు కడుక్కుని, వాకిట్లో బోర్లా పడుకున్న మనిషిని మూడుసార్లు తొక్కేవాణ్ణి. చాలామంది లేచి నడిచేవాళ్ళు. రెండు రోజులు ఊరుకుంటే వాటంతటవే వదిలే పట్లు అవి అని నాకు ఎన్నో ఏళ్ళకు గాని తెలియలేదు. అప్పటికి అదంతా నా కాలి మహిమే. ఉడకబెట్టిన గుడ్డో, బెల్లం ముక్కో చేతిలో పెట్టేవాళ్ళు. ఒకసారి అవతలి ఊరివాళ్ళు ఎడ్లబండి కట్టుకొచ్చి మరీ తీసుకుపోయారు. ఆ బండి మీద కూర్చున్నప్పుడు నన్ను లెక్కల మాస్టారు చూస్తే బాగుండునని అనుకున్నాను.

మా నాయనమ్మ మాత్రం నా కాలికి ఒక హద్దు పెట్టింది. "పట్టినోళ్ళనే తొక్కు. పడ్డోళ్ళ జోలికి పోకు" అనేది. పడ్డవాళ్ళ లోపల ఏం విరిగిందో కాలికి కనపడదని ఆమె భయం. కబురొచ్చిన ప్రతిసారీ, నేను గడప దాటేలోపు, ఆ మాట నా వీపు మీద పడేది.

ఆ రోజు తెల్లవారుజామున బాబాయితో కలిసి ఆకుకు పోయాను. బాబాయికి అప్పుడు పాతికేళ్ళుంటాయేమో. మంచి ఒడ్డూ పొడుగూ మనిషి. నన్ను 'ఏంది డాక్టరూ' అని పిలిచేవాడు. ఎండ ఎక్కేలోపు రెండు మూటలు చేశాం, పెద్దది ఆయనకు, చిన్నది నాకు. తిరిగొచ్చేటప్పుడు వాగు దాటాలి. వాగు ఎండిపోయి ఉంది, ఒడ్డు మాత్రం నిటారుగా, గులకరాళ్ళతో ఉంది. ముందు నడుస్తున్న బాబాయి కాలు జారింది. నెత్తి మీద మూట ఉండగానే, ఆ బరువుతో సహా, కింద ఉన్న బండ మీద కూలబడ్డాడు. కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే ఎవరో పైనుంచి వదిలినట్టు పడ్డాడు.

ఆయన ముఖం పాలిపోయింది. కాసేపు ఊపిరి తీసుకోలేదు. తర్వాత నా వైపు చూసి నవ్వాడు. మెల్లగా లేచి నిలబడి, మీ పిన్నికి చెప్పకు అన్నాడు. పిన్నికి అప్పుడు ఎనిమిదో నెల. అంతకు ముందు ఏడు ఒక కాన్పు చెడింది. కడుపుతో ఉన్నవాళ్ళ చెవిన భయం మాట పడకూడదని మా ఊళ్ళో అందరూ జాగ్రత్తగా ఉండేవాళ్ళు. నేను చెప్పనని మాట ఇచ్చాను. ఆయన మూట కూడా నా మూట మీద పెట్టుకుని మెడ విరిగిపోతున్నా మోశాను. ఊరి మొదట్లోకి వచ్చాక తన మూట తాను తీసుకున్నాడు, ఏమైందని ఎవరూ అడగకూడదని.

మధ్యాహ్నం దాకా వాకిట్లో కూర్చుని అందరితో పాటు ఆకు కట్టలు కట్టాడు. నీళ్ళు తాగడానికి లేవబోయి లేవలేకపోయాడు. నడుము పట్టేసిందన్నారు. అక్కడ ఐదారుగురు ఆడా మగా ఉన్నారు. పిన్నే నన్ను కేకేసింది. నేను వెళ్ళేసరికి వాళ్ళలో ఒకాయన నవ్వుతూ, "నీ డాక్టరొచ్చిండు, బోర్లా పండుకో ఇగ. ఫీజు గుడ్డా, బెల్లమా?" అన్నాడు. అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది.

నేను ఆగాను. ఎంతసేపు ఆగానో చెప్పలేను గాని, ఆగాను. నాయనమ్మ మాట చెవిలో స్పష్టంగా ఉంది. వాగు ఒడ్డున ఆ బండ కళ్ళ ముందు ఉంది. ఈ రోజు నా కాలికి బాగా లేదు అని ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది. కానీ అందరూ నా వైపే చూస్తున్నారు, చెంబుతో నీళ్ళు కూడా తెచ్చిపెట్టారు. అన్నిటికీ వెనకుండేవాణ్ణి, ఈ ఒక్కటీ వదులుకోవడానికి మనసు రాలేదు. బాబాయి బోర్లా పడుకుని, తల తిప్పకుండా, తొక్కురా అన్నాడు.

తొక్కాను. మొదటిసారి, రెండోసారి ఏమీ కాలేదు. మూడోసారి ఆయన లోపలి గాలి అంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. అరవలేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. కొంచెం సేపటికి నెమ్మదిగా అడిగాడు.

"నా కాళ్ళ మీద ఎవరు కూసున్నరు?"

ఎవరూ కూర్చోలేదు. ఆయన కాళ్ళ దగ్గర ఎవరూ లేరు. ఎవరూ లేరని అందరికీ కనపడుతూనే ఉంది. "జరగమనుండ్రి, బరువైతంది" అన్నాడు మళ్ళీ.

నేను పారిపోయాను. మా ఇంటి వెనక ఆకు ఆరబోసిన పాక ఉంది. అందులో మూటల వెనక దూరాను. ఎండిన తునికాకు వాసన ఇప్పటికీ నాకు పడదు. అక్కడి నుంచి అన్నీ వినపడుతున్నాయి. ఎవరో చన్నీళ్ళు చల్లమంటున్నారు. ఇంకొకరు కూర్చోబెట్టి బండిలో వేసుకుని పోదామంటున్నారు. మా నాయనమ్మ గొంతు వినపడింది, వాగు అవతలి అవ్వ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని. నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. వాళ్ళకు వినపడుతుందని చొక్కా అంచు నోట్లో కుక్కుకున్నాను.

అవ్వది వాగు అవతల కోయగూడెం. విరిగిన చేతులకు, కాళ్ళకు వెదురు బద్దలు పెట్టి కట్లు కట్టేది. ఆమె కట్టిన చెయ్యి వంకర పోదని పేరు. వచ్చీ రాగానే బాబాయి మీద చెయ్యి వేస్తుందని అందరూ అనుకున్నారట. వేయలేదు. చేతులు కడుక్కుని, రెండు మూరల దూరంలో కూర్చుంది. ఆమె పద్ధతి అది. ముందు పొద్దున్నుంచి ఆ మనిషి ఏం చేశాడో మొత్తం వినాలి. "నడుము సంగతి నడుము చెప్పది. రోజు చెప్తది" అనేది.

ఎన్నింటికి లేచిండు, ఏం తిన్నడు, ఎవరితో పోయిండు, ఒంటేలుకు పోయిండా లేదా, ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది. ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పారు. బాబాయి మాత్రం అన్నింటికీ ఏం లేదు, పట్టేసింది అనే అన్నాడు. పిన్ని ఆయన తల దగ్గరే కూర్చుని ఉంది మరి. అడవికి ఎవరితో పోయాడన్న చోట వరస నా దగ్గరకొచ్చింది. నన్ను పాకలోంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

అవ్వ నా ముఖం వైపు చూడలేదు. చూసి ఉంటే ఏడ్చేవాణ్ణి, ఏడుపులో మాట పోయేది. బాబాయి ఎడమ పాదం నా చేతికిచ్చి, పట్టుకోమంది. అది వెచ్చగానే ఉంది. కానీ పట్టుకున్నట్టు ఆ పాదానికి తెలియడం లేదు. అది నా చేతులకు తెలిసింది.

"వాగు దిగేటప్పుడు పెద్దమూట ఎవరి నెత్తి మీదుండె, పిలగా?" అని అడిగింది.

బాబాయి నెత్తి మీద అన్నాను.

"దాటినంక?"

పడ్డాడని చెప్పనని మాట ఇచ్చాను. మూట గురించి ఎవరికీ మాట ఇవ్వలేదు. నా నెత్తి మీద అన్నాను.

అంత మూట పదకొండేళ్ళ బక్కోడి నెత్తి మీదికి ఎందుకు వచ్చి ఉంటుందో అందరికీ అర్థమైంది. మొదట నోరు విప్పింది పిన్నే. "పడ్డడా?" అంది, చాలా చిన్నగా. నేను తల ఊపాను. ఏ మాట వింటే ఆమె తట్టుకోదని మేం ఇద్దరం దాచామో, ఆ మాట విని ఆమె కింద పడిపోలేదు. ఒక చేత్తో కడుపు పట్టుకుని లేచి, ఇంటి తలుపు మీద చెయ్యి వేసి, దీన్ని ఊడదీయండి అంది.

తర్వాత అంతా అవ్వ చెప్పినట్టే జరిగింది. కూర్చోబెట్టలేదు, చంకల కింద చేతులు వేసి లేపలేదు. ఆరుగురు రెండు పక్కలా కూర్చుని, ఒక్క మాట మీద, దుంగను దొర్లించినట్టు ఆయన్ను తలుపు చెక్క మీదికి తెచ్చారు. అటూ ఇటూ కదలకుండా ఇసుక సంచులు పెట్టి, నడుం చుట్టూ చీరలతో కట్టారు. ఎముక పని నాది, ఇది దవాఖానా పని అని అవ్వ తెగేసి చెప్పింది. ఆకు కట్టలు కొనే కల్లం దగ్గర ఆగి ఉన్న లారీలో కొత్తగూడెం బయలుదేరాం. లారీ కదిలేముందు అవ్వ నన్ను ఎత్తి బాబాయి కాళ్ళ దగ్గర కూర్చోబెట్టింది. దారంతా ఒక్కో వేలు పట్టుకుని, ఏ వేలు అని అడుగుతూ ఉండమంది.

లారీ, మనిషి నడిచినంత మెల్లగా పోయింది. బొటనవేలు పట్టుకుని, ఏ వేలు బాబాయ్ అని అడిగేవాణ్ణి. ఆయన ఆకాశం వైపు చూస్తూ, "పట్టుకున్నవా?" అనేవాడు. చిటికెన వేలు గట్టిగా నలిపేవాణ్ణి. "ఇగ పట్టుకో" అనేవాడు. పట్టుకునే ఉన్నానని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. కొత్తగూడెం వచ్చేదాకా ఆయన ఒక్క వేలు పేరు కూడా చెప్పలేదు.

దవాఖానాలో ఫొటో తీశారు. వెన్నులో ఒక ఎముక చిట్లిందని, లోపల వాచిందని, వాపు తగ్గాక గాని ఏమీ చెప్పలేమని అన్నారు. అది బండ వల్లనా, నా మడమ వల్లనా అని నేను ఎవర్నీ అడగలేదు. ఎవరూ తమంతట తాము చెప్పలేదు. పైగా అందరూ నన్నే జాలిగా చూశారు. చిన్నపిల్లగాడు, పెద్దోడు చెప్పొద్దంటే చెప్పలే, తొక్కమంటే తొక్కిండు, వాడేం చేస్తడు అన్నారు. ఆ జాలి నాకు దెబ్బ కన్నా ఎక్కువ తగిలింది. నాకు నియమం తెలుసన్న సంగతి నాయనమ్మకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. ఆమె మర్నాటి నుంచి నాతో మాట్లాడటం కొంచెం తగ్గించింది.

నాలుగో రోజో ఐదో రోజో అవ్వ చూడటానికి వచ్చింది. ఆమెతో మాత్రం చెప్పాను, నాకు తెలిసే తొక్కానని. ఆమె, "పెట్టిన కాలు తియ్యలేవు బిడ్డా. ఇగ చెయ్యి పెట్టు" అంది. దవాఖానావాళ్ళను అడిగి, వాళ్ళు సరేనన్నాక, నాకు పని నేర్పింది. నడుము జోలికి పోకుండా, గోరువెచ్చని ఇప్పనూనె కాలివేళ్ళ నుంచి పైకి రాయడం. మడమ కింద పుండు పడకుండా గుడ్డ పెట్టడం. మోకాలిని మెల్లగా వంచి చాపడం. పనికి ముందూ తర్వాతా ఏ వేలు అని అడగడం. బడి తెరిచేదాకా నేను అక్కడే ఉన్నాను. రోజూ భయంగానే ఆ పాదం ముట్టుకునేవాణ్ణి. రోజూ జవాబు ఉండేది కాదు.

ఒక పొద్దున రెండో వేలు పట్టుకుని అలవాటుగా అడిగాను. బాబాయి కళ్ళు మూసుకునే, "చిటికెనేలు" అన్నాడు. తప్పు చెప్పాడు. కానీ చెప్పాడు. నేను వరండాలోకి పరుగెత్తి గోడ పట్టుకుని నిలబడిపోయాను. పిన్ని కంగారుగా ఏమైందని అడిగితే, తప్పు చెప్పిండు పిన్నీ అన్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో ఆమెకు అర్థం కాలేదు.

వానాకాలంలో పాప పుట్టింది. చలికాలానికి బాబాయి కర్ర పట్టుకుని నడిచాడు. ఎడమ పాదం మాత్రం ఈడుస్తూనే మిగిలిపోయింది. మళ్ళీ ఆయన మూట మొయ్యలేదు. బడి అయ్యాక వాళ్ళ నీళ్ళు నేనే మోశాను, కట్టెలు నేనే కొట్టాను. తొక్కమని ఎవరొచ్చినా నా కాలు చచ్చిపోయిందని చెప్పేవాణ్ణి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం నా నడుమే. రెండు నెలల కింద అది పట్టేసింది. కొత్తగూడెంలో మా వీధి చివర కొత్తగా ఒక కైరోప్రాక్టిక్ క్లినిక్ తెరిచారు, చేతులతో వెన్ను సవరించే చోటు. డాక్టరమ్మకు మా అమ్మాయి వయసుంటుంది. బల్ల మీద పడుకోమనే ముందు, ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారా అని అడిగింది. లేదన్నాను. అంతకు వారం ముందే వానలో స్కూటర్ జారి పడ్డాను. చెబితే మా ఆవిడ తాళాలు దాచేస్తుంది, ఆమె పక్కనే కూర్చుని ఉంది. బోర్లా పడుకున్నాను. డాక్టరమ్మ చెయ్యి ఇంకా నన్ను తాకలేదు. తునికాకు వాసన గుప్పున వచ్చినట్టయింది. బల్ల అంచు పట్టుకుని, ఆగమ్మా, పడ్డాను అన్నాను. అరవయ్యేళ్ళు దాటిన మనిషిని, అదే తప్పు, అదే తీరుగా, ఇంకొకసారి చేయబోయాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ముందు ఫొటో తీయించుకు రమ్మంది. అదృష్టం, ఏమీ విరగలేదు. ఆమె గది గోడ మీద ఒక బోర్డు ఉంది. బరువు ఎత్తేటప్పుడు నడుము కాదు మోకాళ్ళు వంచమని, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోమని, గంటలకొద్దీ ఒకే తీరున కూర్చోవద్దని, పొద్దున మంచం మీంచి పక్కకు ఒత్తిగిలి చేతి ఆసరాతో లేవమని రాసి ఉంది. అన్నిటికన్నా కింద ఇంకోటి ఉంది. పడితే దాచవద్దు, కాళ్ళు తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా ఎవరి చేతా నొక్కించుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి అని. అవ్వకు చదువు రాదు. ఆ బోర్డులో ఆమెకు తెలియని మాట ఒక్కటీ లేదు.

అటు నుంచి అటే ఊరికి పోయి, బాబాయి దగ్గర కూర్చుని, మింగిన మాట కక్కేశాను. ఆయనకిప్పుడు డెబ్బై అయిదు దాటాయి. అంతా విని, చేతికర్రతో నా మోకాలి మీద మెల్లగా కొట్టాడు. "మీ నాయనమ్మ ఆ మాట ఊరందరికీ చెప్పె గదరా. పడ్డోణ్ణి నేను. నాకు తెల్వదా?" అన్నాడు. ఆ మాటతో నా బరువు దిగలేదు. ఇన్నేళ్ళూ ఆ మూటకు రెండో వైపు ఆయన పట్టుకుని నడిచాడని మాత్రం తెలిసింది.

ఇప్పుడు వారానికి రెండు రోజులు ఆ క్లినిక్ బయట బెంచీ మీద కూర్చుంటున్నాను. మా ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు డాక్టరమ్మ ముందు సిగ్గుపడతారు, పక్కన భార్య ఉంటే ఇంకా. వాళ్ళను పొద్దున్నుంచి ఏం చేశారో చెప్పమని మెల్లగా అడుగుతాను. వచ్చే ఆకు కాలం మొదలయ్యే ముందు కల్లాల దగ్గరికి పోయి, పడితే దాచొద్దని చెబుతాను. నా కాలి కథ కూడా చెబుతాను, ఇప్పుడు పూర్తిగా.

నిన్న సాయంత్రం బాబాయి ఇంటికి పోయాను. రేకుల పందిరి కింద మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఎడమ కాలి చిటికెన వేలు పట్టుకున్నాను. ఏ వేలు బాబాయ్ అని అడిగాను. జవాబు లేదు. ఆ కాసేపట్లో నేను మళ్ళీ లారీలో, ఇసుక సంచుల మధ్య కూర్చున్నాను.

"బొటనేలు" అన్నాడు.

తలెత్తి చూశాను. తెల్ల మీసాల కింద నవ్వు ఆపుకుంటున్నాడు. ఎన్నేళ్ళుగానో ఆడే ఆటే, అయినా ప్రతిసారీ నేను నమ్మేస్తాను. నేను వేలు వదల్లేదు. సరైన పేరు చెప్పేదాకా పట్టుకునే కూర్చున్నాను.